మఠం కూడబెట్టిన కళ

గుంటూరు జిల్లా మందడం పక్కనున్న మల్కాపురంలో క్రీ.శ. 1261 నాటి రాతిశాసనం ఉంది. నందిగామ, జగ్గయ్యపేట వైపునుంచి అది కృష్ణకు ఆవలి ఒడ్డు. కాకతీయ గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శంభువుకు మందర గ్రామాన్ని ఇస్తానని మాట ఇచ్చాడు. ఆయన కూతురు రుద్రమదేవి ఆ ఊరికి వెలగపూడిని కూడా చేర్చి ధారపోసింది. మందరమే నేటి మందడం. విశ్వేశ్వరుడు గౌడదేశపు రాఢ ప్రాంతంలోని పూర్వగ్రామం నుంచి వచ్చిన శైవాచార్యుడు, గోళకీ మఠ పరంపరవాడు. ఆ మఠం మూలం గంగకూ నర్మదకూ మధ్యనున్న డాహల మండలంలో ఉంది. కలచురి రాజు యువరాజదేవుడు సద్భావ శంభువుకు మూడు లక్షల గ్రామాలు భిక్షగా ఇచ్చాడని ఇదే శాసనం చెబుతుంది. లెక్క నమ్మాల్సిన పని లేదు. అంత చెప్పుకోగలిగిన పరంపర అన్నది మాత్రం తెలుస్తుంది.

విశ్వేశ్వరుడు మందడంలో శివాలయం, శుద్ధశైవ మఠం, సత్రం, విద్యాశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఏర్పాటు చేశాడు. ద్రావిడ దేశం నుంచి 60 బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి నిలిపాడు. మిగిలిన భూమిని మూడు భాగాలు చేశాడు. ఒకటి గుడికి, ఒకటి విద్యార్థులకూ మఠానికీ, మూడోది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రాలకు. ఆ తర్వాత ఎవరెవరికి వాటా ఉందో వరసగా చెక్కించాడు. ఆ వరసలో వేదం చెప్పేవాళ్లు, వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు ఉన్నారు. పదిమంది నర్తకులు, ఎనిమిది మంది మద్దెలవాళ్లు, కాశ్మీరదేశపు గాయకుడు ఒకడు, పద్నాలుగు మంది గాయనులు, కరడ వాయించేవాళ్లు ఉన్నారు. వీళ్లతోపాటు ఊరి కావలికి వీరభద్రులనే పదిమంది, వీరముష్టులనే భటులు ఇరవైమంది ఉన్నారు. బంగారం, రాగి, ఇనుము, రాయి, వెదురు, కర్ర పనివాళ్లూ ఆ జాబితాలోనే కనిపిస్తారు.

మతదీక్ష, ఆయుధం, భూమి ఒకే సంస్థ చేతిలో ఉంటే దాన్ని మతసైనిక సంఘం అంటారు. ప్రపంచంలో దీనికి పేరుమోసిన ఉదాహరణ సెయింట్ జాన్ ఆసుపత్రి సంఘం. జెరూసలేంలో యాత్రికులకు వైద్యం చేయడంతో మొదలై, 1113లో పోపు గుర్తింపు పొంది, కత్తి పట్టి, రోడ్స్ దీవి మీదుగా 1530లో మాల్టా చేరి, 1798 దాకా అక్కడ రాజ్యం చేసింది. తెలుగునాట అచ్చంగా అలాంటిది లేదు. దగ్గరగా వచ్చేది మందడం మఠమే. అది కళను పోషించిందా, వాడుకుందా అన్న దాని మీద నందిగామలోని ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడూ, జగ్గయ్యపేటలో కేసులు చూసే ఒక ప్లీడరూ భిన్నపక్షాలు. ఇద్దరూ వియ్యంకులు. అందువల్ల వాదనలో మర్యాద తగ్గదు, పట్టూ తగ్గదు.

ప్లీడరు: బావగారూ, ముందు ఆ మతసైనిక సంఘం అన్న పేరే నాకు అభ్యంతరం. పదిమంది కావలివాళ్లుంటే మఠం సైన్యం అయిపోతుందా? ఊళ్లోకి దొంగలు రాకుండా, కల్లంలో గింజ పోకుండా కాపు కాసే తలార్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు. మాల్టావాళ్లు ఓడలతో సముద్రం మీద యుద్ధం చేసినవాళ్లు. 1565లో తురుష్క సైన్యం ముట్టడిని నెలల తరబడి తట్టుకున్నవాళ్లు. రెండిటినీ ఒక గాట కట్టడం సబబు కాదు.

అధ్యాపకుడు: యుద్ధం సంగతి మీరన్నదే నిజం. మందడం భటులు ఏ యుద్ధభూమికీ వెళ్లినట్టు లేదు. కానీ వాళ్లు మామూలు తలార్లు కారు బావగారూ. తల, కడుపు, అండం కోయడం వీరభద్రుల పని అని శాసనం చెబుతోంది. నేరం చేసినవాడికి వేసే శిక్ష అని కొందరు పండితులు చదివారు. శివుడి కోసం తమ ఒంటినే కోసుకునే వీరవ్రతం అని ఇంకొందరు చదివారు. ఏది తీసుకున్నా కూలికి కాపు కాసేవాడి వ్యవహారం కాదది. దీక్ష పట్టినవాడి వ్యవహారం.

ప్లీడరు: శిక్ష అయితే అది పోలీసు పని. వ్రతం అయితే భక్తి. సైన్యం రెండిట్లోనూ లేదు.

అధ్యాపకుడు: శ్రీశైలం చూడండి. అక్కడ వీరశిరోమండపం ఉంది. కొండవీటి అనవేమారెడ్డి 1377లో కట్టించాడు. కొంగుదేశపు వీరులు అక్కడ తలలూ నాలుకలూ కోసుకుని అర్పించేవారని ఆ మండపం శాసనంలోనే ఉంది. ఆ వీరుల కోసం రాజు రాతిమండపం ఎత్తించాడు. కత్తి, దీక్ష, శిల్పం మూడూ ఒక్కచోట చేరితే ఆ చోటుకు ఏం పేరు పెట్టమంటారు?

ఇద్దరి మధ్య ఈ మొదటి తగాదా తెగలేదు, తెగాల్సిన అవసరమూ లేదు. ఐరోపా సంఘానికి జెండా, నౌక, రాజ్యం ఉండేవి. తెలుగు శైవానికి వాటి బదులు రాజు గురువు పదవి ఉండేది. గణపతిదేవుడు తనను విశ్వేశ్వరుడికి కొడుకుగా చెప్పుకున్నాడు. సైన్యం రాజుది, రాజు గురువుకు శిష్యుడు. గోళకీ మఠానికి ఇంకా పెద్ద సైన్యం ఎందుకు కావాలి? వీరముష్టి అన్న పేరుతో ఒక కులం నేటికీ ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో ఉంది. దానికి నెత్తికోతల అనే మరో పేరు కూడా అందులోనే కనిపిస్తుంది.

అసలు తగాదా కళ దగ్గర మొదలైంది.

ప్లీడరు: సరే, సైనిక సంఘమే అనుకుందాం. అది కూడబెట్టిన కళ ఏది? మాల్టాకు వెళ్తే వల్లెట్టాలో సెయింట్ జాన్ గుడి ఉంది. పైకప్పు నిండా మత్తియా ప్రేతి 1661 నుంచి 1666 దాకా వేసిన బొమ్మలున్నాయి. నేల నిండా వీరుల సమాధుల మీద రంగురాళ్లు పొదిగిన పలకలు, దాదాపు నాలుగు వందలు. మందడంలో ఏముంది? ఒక రాయి. రాయి మీద రాత. దాన్ని కళాపోషణ అంటే నా దస్తావేజుల బీరువా కూడా మ్యూజియమే.

అధ్యాపకుడు: మీరు వస్తువుల కోసం వెతుకుతున్నారు. మందడం మఠం కూడబెట్టింది మనుషులను. కాశ్మీరం నుంచి గాయకుణ్ణి రప్పించడం చిన్న సంగతి అనుకున్నారా? కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో, 13వ శతాబ్దంలో, కాశ్మీర గాయకుడి గొంతు ఉండాలని ఒక ఆచార్యుడు కోరుకున్నాడు. ఆ కోరికకు భూమిని కేటాయించాడు. గొంతును గోడకు తగిలించలేం కదా. అది వినపడాలంటే పాడే మనిషి తినాలి, వాడి పిల్లలు తినాలి. అందుకే వాటా.

ప్లీడరు: వాటా అంటే భూమి మీద ఆదాయం. ఆదాయం అంటే దున్నేవాడి చెమట. ఆ దున్నేవాడు మీ శాసనంలో ఎక్కడున్నాడు?

అధ్యాపకుడు: సత్రంలో ఉన్నాడు. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టాలని అందులో రాసి ఉంది.

ప్లీడరు: తన పొలంలో పండిన బియ్యం తనకే వండి పెడితే దానం అంటారా బావగారూ?

ఈ ప్రశ్నకు అధ్యాపకుడు వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం న్యాయమే. దేవాలయ భూముల చరిత్రలో అది అన్నిటికన్నా పాత ప్రశ్న. అయితే మాల్టాలోనూ అదే ప్రశ్న ఎదురవుతుంది, ఇంకా గట్టిగా. ఆ సంఘానికి ఐరోపా అంతటా పొలాలూ తోటలూ ఉండేవి. వాటి ఆదాయంలో భాగం ఏటేటా మాల్టా ఖజానాకు చేరేది. దానికి తోడు సముద్రం మీద ముస్లిం ఓడలను పట్టుకోవడం, పట్టుబడినవాళ్లను తెడ్లు వేసే బానిసలుగా వాడుకోవడం ఉండేవి. ప్రేతి బొమ్మల బంగారు మెరుపు వెనక ఆ తెడ్ల చప్పుడు ఉంది. ఆరోగ్యశాల పోలిక కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగినది. మాల్టా ఆసుపత్రిలో రోగులకు వెండి పళ్లేల్లో భోజనం పెట్టేవాళ్లు. మందడంలో ఆరోగ్యశాలకూ ప్రసూతిశాలకూ భూమిలో మూడో వంతులో పాలు ఇచ్చారు. కత్తి పట్టిన రెండు సంస్థలూ మంచం పట్టినవాడికి చోటు ఇచ్చాయి.

మాల్టా సంఘం కళాఖండాలను కూడబెట్టిన తీరు తెలిస్తే తేడా స్పష్టమవుతుంది. ఆ వీరులు పేదరికపు వ్రతం పట్టినవాళ్లు. వీరుడు చనిపోయినప్పుడు తన ఆస్తిలో ఐదో వంతు మాత్రమే ఇష్టమొచ్చినవాళ్లకు రాసుకోగలిగేవాడు. మిగిలిన నాలుగు వంతులు సంఘానికి చేరేవి. ప్రభువుల ఇళ్ల నుంచి వచ్చిన ఆ వీరుల గదుల్లో పటాలు, వెండి, పుస్తకాలు ఉండేవి. చావు ఒక్కొక్కటీ ఖజానాలో ఒక జమ. ఇది కాక, ఎన్నికైన ప్రతి అధినేతా ప్రధాన చర్చికి ఒక కానుక ఇవ్వాలనే ఆనవాయితీ ఉండేది. రామోన్ పెరెల్లోస్ అనే అధినేత రూబెన్స్ చిత్రాల నమూనాలతో బ్రస్సెల్స్‌లో నేయించిన పెద్ద తెరలు ఇచ్చాడు. పండగలకు వాటిని చర్చి స్తంభాల మధ్య వేలాడదీసేవాళ్లు.

కరవాజ్జో కథ ఇంకా చిత్రమైనది. రోములో మనిషిని చంపి పారిపోయిన ఈ చిత్రకారుడు 1607 జూలైలో మాల్టా చేరాడు. అధినేత అలోఫ్ ద విన్యాకూర్ ఆయనను ఆదరించాడు. పోపు ప్రత్యేక అనుమతితో 1608 జూలై 14న సంఘంలో చేర్చుకున్నారు. కొత్తగా చేరే వీరుల ప్రార్థనామందిరం కోసం ఆయన యోహాను శిరచ్ఛేదం చిత్రం వేశాడు. అడ్డంగా ఐదు మీటర్లు దాటే ఆ చిత్రంలో, యోహాను మెడ నుంచి కారిన రక్తంలోనే తన సంతకం పెట్టాడు. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. సభ్యత్వ రుసుము బదులు ఆ చిత్రం ఇచ్చాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. కొద్ది నెలలకే మరో గొడవలో జైలుపాలై, తప్పించుకు పారిపోయాడు. 1608 డిసెంబర్ 1న సంఘం సమావేశమై ఆయనను వెలివేసింది. సమావేశం జరిగింది ఆ చిత్రం ఉన్న మందిరంలోనే.

ప్లీడరు: చూశారా, వాళ్ల న్యాయం ఎంత సొగసుగా ఉందో. మనిషిని కొట్టేశారు, బొమ్మను అట్టేపెట్టుకున్నారు. హంతకుడికి బిరుదు ఇవ్వడం బొమ్మ కోసమైతే అది లంచం. బొమ్మ వచ్చాక బిరుదు పీకేయడం మోసం. అయినా ఒకటి ఒప్పుకుంటాను. ఆ బొమ్మ ఎవరు వేశారో ప్రపంచానికి తెలుసు. మీ మందడం కాశ్మీర గాయకుడి పేరేమిటి?

అధ్యాపకుడు: పేరు లేదు.

ప్లీడరు: పదిమంది నర్తకుల పేర్లు? మద్దెలవాళ్ల పేర్లు? రాయి చెక్కినవాడి పేరు? ఆచార్యుల పేర్లు తరతరాలుగా ఉన్నాయి. దుర్వాసుడి నుంచి మొదలుపెట్టి సోమశంభువు, వామశంభువు, శక్తిశంభువు, కీర్తిశంభువు, ధర్మశివుడు అంటూ ఒకరి తర్వాత ఒకరు. రాజు పేరుంది, రాణి పేరుంది. కళాకారులకు సంఖ్య మాత్రమే. ఇదీ మీ కళాపోషణ. ఇక మా జగ్గయ్యపేట సంగతి వినండి.

ప్లీడరు ఎత్తుకున్నది జగ్గయ్యపేట తూర్పున ధనబోడు మీదున్న బౌద్ధస్తూపం సంగతి. జేమ్స్ బర్జెస్ 1882లో దాన్ని తవ్వించాడు. అమరావతి స్తూపం కన్నా చాలా చిన్నది, అడ్డం సుమారు 30 అడుగులు. చదునైన, పొదుపైన చెక్కుడు పని. అక్కడి పలకల్లో పేరున్నది మాంధాత చక్రవర్తి శిల్పం. చెయ్యి ఎత్తగానే ఆకాశం నుంచి చతురస్రపు నాణేలు వానలా కురుస్తుంటాయి. నేడు అది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అయితే ప్లీడరు పట్టుకున్నది శిల్పాన్ని కాదు, తూర్పు వైపు ఆయక స్తంభాల మీదున్న ప్రాకృత శాసనాన్ని. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. మూడో శతాబ్దంలో, ఐదు ఆయక స్తంభాలను సిద్ధార్థుడు అనే ఆవేసని నిలబెట్టాడు. ఆవేసని అంటే పనివాళ్ల పెద్ద, శిల్పి. తండ్రి ఊరు కమ్మకరాష్ట్రంలోని నడతూరు. తండ్రి నాగచంద్రుడూ ఆవేసనే. తల్లి నాగిలాని, భార్య సముదాని, కొడుకు మూలసిరి పేర్లు కూడా ఆ స్తంభం మీద ఉన్నాయి.

ప్లీడరు: చేసేవాడే ఇచ్చేవాడు. రాజు తేదీ చెప్పడానికి మాత్రమే పనికొచ్చాడు. పనివాడి ఇంటిల్లిపాదీ రాతికెక్కారు. అక్కడ కత్తి లేదు, రాజుగురువు లేడు, మూడు లక్షల గ్రామాలు లేవు. వెయ్యేళ్లకు కత్తి పట్టిన మఠం వచ్చాక పనివాడు పేరు పోగొట్టుకుని అంకె అయ్యాడు. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

అధ్యాపకుడు: సాక్ష్యం బాగుంది, తీర్పు తొందరపడింది. సిద్ధార్థుడు ఒక్కసారి ఐదు స్తంభాలు ఇచ్చాడు. పుణ్యం రాసుకున్నాడు. మరుసటి ఏడు ఆ స్తూపం దగ్గర మద్దెల వాయించేవాడికి అన్నం ఎవరు పెట్టాలి? ఆ శాసనం దాని గురించి ఏమీ చెప్పదు. దాత పేరు చెక్కేది పుణ్యం పంచడానికి. మందడం శాసనం పుణ్యపు చీటీ కాదు, జీతాల పట్టీ. గాయకుడు పోతే ఆ వాటా మరో గాయకుడికి పోవాలి. అలాంటి పట్టీలో పేరు రాస్తే ఆ మనిషితోనే ఉద్యోగం చచ్చిపోతుంది. మీ కోర్టులో బంట్రోతు పోస్టు మంజూరు చేసేటప్పుడు బంట్రోతు పేరు రాస్తారా?

ఇది అధ్యాపకుడి వాదనలో అన్నిటికన్నా బలమైన చోటు. దానశాసనాన్నీ నిర్వహణ శాసనాన్నీ ఒకే తూకంలో వేయకూడదు. ప్లీడరు మాత్రం ఆ బలాన్నే తిప్పికొట్టాడు.

ప్లీడరు: పోస్టు అన్నారు, బాగుంది. పోస్టు నుంచి రాజీనామా చేసే హక్కు ఉందా? నర్తకి వాటా భూమి తరువాతి తరానికి రావాలంటే కూతురు కూడా నర్తకే కావాలి. భూమి అన్నం పెట్టింది, అదే భూమి కాలికి గొలుసు వేసింది. ఆ గొలుసు తెంచడానికి మద్రాసు ప్రెసిడెన్సీలో 1929లో చట్టం తేవాల్సి వచ్చింది. ముత్తులక్ష్మీరెడ్డి పట్టుబట్టి తెచ్చింది. దేవదాసీల ఈనాం భూమిని గుడిసేవ నుంచి విడదీశారు. 1947లో అర్పణనే నిషేధించారు. మీ మఠం కూడబెట్టిన మనుషుల వారసులకు విముక్తి కావాల్సి వచ్చింది బావగారూ. కరవాజ్జో కనీసం పారిపోగలిగాడు.

అధ్యాపకుడు: ఒప్పుకుంటాను. కానీ 1261లో రాసిన ఏర్పాటుకూ 20వ శతాబ్దపు దుస్థితికీ మధ్య ఏడు వందల ఏళ్లున్నాయి. రాజ్యాలు మారాయి, భూములు చేతులు మారాయి, గుళ్ల ఆదాయం పోయింది. చివరికి మిగిలిన దాన్ని పట్టుకుని మొదటి ఏర్పాటును కొలవలేం. అదీగాక ఆ భూమి వల్లనే నాట్యం అన్ని వందల ఏళ్లు బతికింది. చట్టం ఆ స్త్రీలకు న్యాయం చేసింది. ఆ నాట్యానికి ఇంకో అన్నం దారి చూపలేదు.

తర్వాతి వాదం పల్నాటి మీదకు మళ్లింది. అది మఠం కాదు, కానీ మతమూ ఆయుధమూ కళా అక్కడ నేటికీ విడిపోలేదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పోయిన వీరులకు కారెంపూడిలో గుడి ఉంది. దానికి పీఠం ఉంది, పీఠాధిపతి ఉన్నాడు. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. వీరాచారవంతులు తమ పూర్వికుల ఆయుధాలను, అంటే కొణతాలను, నాగులేటిలో కడిగి గుడికి తెస్తారు. వీరవిద్యావంతులు వీరగాథలు పాడతారు. ఆయుధాన్నీ పాటనూ తరతరాలుగా భద్రపరుస్తున్న ఈ ఏర్పాటు ఏ మ్యూజియం పుస్తకంలోనూ సేకరణగా నమోదు కాలేదు.

అధ్యాపకుడు: అదే నా మాట. కొణతం గాజుపెట్టెలో ఉంటే ఇనుము. ఉత్సవంలో ఉంటే పల్నాటి వీరుడు బాలచంద్రుడిది.

ప్లీడరు: పాడేవాళ్లు మాల కులస్థులు. ఆయుధం మోసే ఇళ్లు వేరు. పీఠం ఇంకొకరిది. వాటాలు అక్కడా ఉన్నాయి బావగారూ. అయితే ఒక్కటి మాత్రం మీకు ఇచ్చేస్తాను. పాడేవాడు అక్కడ అంకె కాదు. ఫలానా ఇంటివాడు పాడుతున్నాడని ఊరంతటికీ తెలుసు.

ఇలా ఒకరు ఒక మెట్టు దిగగానే, మాట చెదిరిపోయిన కళ మీదకు వచ్చింది. 1798 ఇక్కడ ముఖ్యమైన ఏడాది. ఆ జూన్‌లో నెపోలియన్ మాల్టాను పట్టుకున్నాడు. సంఘాన్ని దీవి నుంచి వెళ్లగొట్టాడు. చర్చి వెండి, ఆసుపత్రి పళ్లేలు చాలావరకు కరిగిపోయాయి. దోచిన సొత్తులో కొంత ఎక్కించిన ఓరియంట్ నౌక ఆగస్టు 1న అబూకిర్ దగ్గర పేలి మునిగిపోయింది. పైకప్పు మీది చిత్రాలు, కరవాజ్జో పటం కదపలేదు కాబట్టి మిగిలాయి. అదే సంవత్సరం కంపెనీ సైన్యంలోని సర్వే అధికారి కాలిన్ మెకంజీ అమరావతి స్తూపాన్ని మొదటిసారి చూశాడు. అప్పటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు మనుషులు కట్టడాలకు రాయి కోసం దాన్ని తవ్వి ఉన్నారు. కొన్ని పలకలు అక్కడి శివగంగ చెరువు మెట్లకు పోయాయి. ఈ వెంకటాద్రినాయుడే బేతవోలు దగ్గర తండ్రి జగ్గయ్య పేరుతో జగ్గయ్యపేటను కట్టించాడు. మంగళగిరి గాలిగోపురమూ ఆయనదే. ఒక చేత్తో గోపురం లేపి, రెండో చేత్తో స్తూపం విప్పిన మనిషి.

మెకంజీ తర్వాత వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించాడు. ఆయన మద్రాసు చేర్చిన పలకలు 1859లో లండన్ వెళ్లాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

ప్లీడరు: కుంపిణీవాళ్లది మతసంఘం కాదు. కానీ సైన్యం ఉంది, సేకరణ ఉంది. సేకరించినవాడు మొయ్యగలిగిందే మోసుకుపోయాడు. మీ లెక్క ప్రకారం మనుషులను కూడబెట్టినవాణ్ణి ఎవరూ దోచలేరు. నిజమే. వాడు తనంతట తానే వాళ్లను పోగొట్టుకుంటాడు. విశ్వేశ్వరుడు శ్రీశైలానికి ఈశాన్యంగా ఏలేశ్వరంలో పెట్టిన మఠం ఏమైంది? నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. అక్కడి గాయకులను ఎవరూ లండన్ తీసుకుపోలేదు. అయినా లేరు.

అధ్యాపకుడు: లేరు. రాయి, రంగు అయితే నీళ్లలోంచి పైకి తీసి చూపగలం. పాటను తీయలేం. అది నా పక్షంలోని లోటే. కానీ మాట పూర్తి చేయనివ్వండి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి బొమ్మలకు రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకెళ్తారు కదా. రంగుల మండపం మీ ఊళ్లోనే ఉంది. ఆ రంగు నిలవదు, నిలవకూడదు. వెలిసిపోతుంది కాబట్టే రంగులు వేసే ఇంటికి మళ్లీ పని. వస్తువు శాశ్వతమైతే చిత్రకారుడు ఒక్కసారికే అవసరం. మందడం మఠం తలచిందీ ఇదే పద్ధతి.

ప్లీడరు: అక్కడ గుడికి హుండీ ఉంది, భక్తులున్నారు. కత్తి అక్కర్లేదు. మీ వాదన గెలిచినా మీ మఠం ఓడిపోయింది చూడండి. కళను పోషించడానికి సైనిక సంఘమే కావాలని ఎక్కడా రుజువు కాలేదు.

అధ్యాపకుడు ఆ మాట కాదనలేదు. కావాలని తాను ఎన్నడూ అనలేదనీ, ఉన్నప్పుడు ఏం చేసిందన్నదే తన విషయమనీ చెప్పాడు. మిగిలింది అధిపతి మీద అదుపు సంగతి. మాల్టాలో అధినేత జీవితాంతం ఉండేవాడు, పోపుకు తప్ప ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని ఉండేది కాదు. సెయింట్ జాన్ చర్చిని తన ఖర్చుతో కట్టించిన జాన్ ద లా కాసియేర్‌ను 1581లో వీరులే తిరగబడి పదవి నుంచి దించి కోటలో పెట్టారు. పోపు ఆయన వైపు తీర్పు చెప్పాడు. కానీ ఆ ఏడాదే ఆయన రోములో చనిపోయాడు. అంత పెద్ద కళాపోషకుణ్ణి దించడానికి తిరుగుబాటు తప్ప దారి లేకపోయింది. మందడం శాసనంలో దారి రాసి ఉంది. ఆచార్యుడు నడత తప్పితే శైవసంతానం, అంటే శైవ సముదాయం, అతణ్ణి తీసేసి మరొకణ్ణి పెట్టుకోవచ్చు.

ప్లీడరు: అది మాత్రం నాకు నచ్చిన షరతు. 1987 దేవాదాయ చట్టంలోనూ మఠాధిపతిని తొలగించే దారి ఉంది. ఏడు వందల ఏళ్ల ముందే మీ ఆచార్యుడు తన గద్దె మీద తనే షరతు రాయించుకున్నాడంటే మంచి దస్తావేజు రాయించినట్టే.

అధ్యాపకుడు: తీసేశాక మద్దెలవాడి వాటా ఎవరు చూస్తారు బావగారూ? చట్టం ఆ మాట చెబుతుందా? శాసనం చెబుతుంది. మద్దెలవాడి వాటా ఆచార్యుడి దయ కాదు. రాతి మీద చెక్కించిన వాటా. గద్దె మీద ఎవరున్నా అది కదలదు.

ప్లీడరు: కదిలింది. మందడం, వెలగపూడి పొలాలు 2015లో రాజధాని భూసమీకరణలోకి వెళ్లాయి. రైతుల వాటాలు ప్లాట్ల లెక్కన తేలాయి. మీ మద్దెలవాడి వారసుడు ఎవరైనా వస్తే వకాల్తా నేనే వేస్తాను, ఫీజు కూడా అడగను. కానీ వాడి భూమికి హద్దులూ సర్వే నంబరూ మీ రాతి మీద చూపించాలి మరి.